సెకనుకు పన్నెండు

ఆగస్టు 22, శుక్రవారం

వేసవి సెలవుల తర్వాత మళ్ళీ ఈ పుస్తకం తీశాను. రోజూ ఎనభై కాంపోజిషన్ పుస్తకాలు దిద్దే తెలుగు మాస్టారుకి సొంతంగా రాసుకునే ఓపిక ఎక్కడుంటుంది? ఇవాళ మాత్రం రాయాలనిపించింది. పెద్ద కారణమేమీ లేదు.

నిన్న సాయంత్రం మా ఇంట్లో గృహకూడిక జరిగింది. బాగానే జరిగింది. ఇరవై రెండు మంది వచ్చారు. పాటలు కుదిరాయి. లీలారాణి ఆసుపత్రి డ్యూటీ దిగి విజయనగరం నుంచి తెచ్చిన కేకు అందరికీ సరిపోయింది. ముందుగదిలో రూబీ బల్ల అడ్డంగా ఉందని మాత్రం నేను పొద్దుటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. బల్ల నిండా అట్టముక్కలతో కట్టిన వీధి, మట్టిబొమ్మలు, వాటి ఎదురుగా స్టాండుకు బిగించిన ఫోను. డిగ్రీ అయిన పిల్ల బ్యాంకు పరీక్షలకు చదువుకోవలసిన బల్ల అది.

"కదిపితే ఆరువారాల పని పోతాది నాన్నా. దుప్పటి కప్పీసి ఉంచుతాను. ఎవరూ ముట్టుకోకుండా నువ్వు సూస్తుండు" అంది రూబీ. సరేనన్నాను.

ప్రార్థన ముగిశాక ఎవరి పిల్లలో దుప్పటి లాగేశారు. సంఘపెద్ద ఏసుదానం గారు బల్ల మీదికి వంగి చూసి, "ఏటి మాస్టారూ, సవితి ఇంకా ఆరు రోజులుంది. మీరప్పుడే వినాయకుణ్ణి దింపీసేరేటి? తొండం ఒక్కటీ పెట్టనేదు!" అన్నారు. అందరూ అటు తిరిగారు. ఇంత పొట్ట. పెద్ద చెవులు. భుజం మీద కండువా. ఒక చెయ్యి పైకెత్తి ఉంది, దీవిస్తున్నట్టు. బాప్టిస్టుల ఇంట్లో, కూడిక జరిగిన గదిలో, బల్ల మీద. పైగా నెలాఖరు ఆదివారం సంఘ కార్యదర్శి ఎన్నిక ఉంది. నా పేరు అనుకుంటున్నారు.

నేను బొమ్మను తీసి పక్కన పెట్టాను. అంతే జరిగింది. పక్కన పెట్టేటప్పుడు కొంచెం నలిగింది.

అప్పుడే రూబీ వంటింట్లోంచి టీ పళ్ళెం పట్టుకుని వచ్చింది. నా చేతుల వైపు చూసింది. అందరికీ టీ ఇచ్చింది. చివర్లో నా దగ్గరికి వచ్చి, "టీ తీసుకోండి నాన్నా" అంది.

ఇరవై రెండేళ్ళలో నన్ను ఎప్పుడూ "మీరు" అనలేదు. పెద్దవాళ్ళు ఉన్నారు కదా, మర్యాదకి అని ఉంటుంది.

అరచేతిలో సన్నటి గీత పడింది. ఎక్కడ గీసుకుందో తెలియదు.

ఆగస్టు 23, శనివారం

రూబీ అన్నం తిన్నది. "కూర వేసుకుంటారా?" అని అడిగింది. ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరు.

ఆగస్టు 24, ఆదివారం

చర్చిలో పాస్టరు గారు ప్రసంగం మధ్యలో నా పేరెత్తారు. "మన ఎజ్రా మాస్టారు ఉన్నారు. సొంత కూతురు చేతుల్తో చేసినదైనా సరే, విగ్రహమనేసరికి పదిమంది ముందూ నలిపి పారేశారు" అన్నారు. ఆమెన్ ఆమెన్ అని నాలుగు వైపుల నుంచీ వినిపించింది. ఆయన కూడికకి రాలేదు. ఎవరు చెప్పారో, ఎలా చెప్పారో.

లేచి, అది విగ్రహం కాదండీ, అమ్మాయి సినిమా బొమ్మ, నేను పక్కన పెట్టానంతే, అని చెప్పాల్సింది. లేవలేదు. ఈ పుస్తకం ఎవరూ చదవరు గనక ఇంకొకటి కూడా రాస్తున్నాను. ఆ ఆమెన్లు వింటున్నప్పుడు నా ఛాతీ కొంచెం పొంగింది.

రూబీ ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చుంది. ప్రసంగం అయ్యేదాకా పైన తిరుగుతున్న ఫ్యాను వైపే చూసింది.

ఆగస్టు 25, సోమవారం

లీలారాణి నాతో పోట్లాడింది. ఆవిడ పోట్లాట ఎప్పుడూ ఒక ప్రశ్నతో మొదలవుతుంది.

"ఆ గుంట ఆ బొమ్మలు ఎంతుకు సేత్తన్నాదో ఎప్పుడైనా అడిగేరా?"

"కాలక్షేపానికి" అన్నాను.

కాదట. బొమ్మల సినిమాలు తీయడం నేర్పే కాలేజీ ఒకటి ఉత్తరాదిన ఉందట. సొంతంగా తీసిన రెండు నిమిషాల సినిమా పంపాలట. సెప్టెంబరు 25 ఆఖరి తేదీ. దేశం మొత్తం మీద ఇరవై మందిని తీసుకుంటారట. రూబీ జూన్ నుంచీ దాని మీదే కూర్చుంది. బ్యాంకు పుస్తకాలు నేను వచ్చే వేళకి తెరిచి పెట్టేదట.

"నాకెందుకు చెప్పలేదు?"

"సెప్తే దిద్దుతారని" అంది లీలారాణి.

పెళ్ళయిన పాతికేళ్ళలో ఇంత చిన్న వాక్యంతో నన్నెవరూ కొట్టలేదు. ఆవిడ బస్సుకి వేళయిందని వెళ్ళిపోయింది.

ఆగస్టు 26, మంగళవారం

ఆ బొమ్మల పిచ్చి రూబీకి అంటించింది నేనే. ఈ సంగతి ఇవాళ తొమ్మిదో తరగతిలో సంధులు చెబుతుండగా గుర్తొచ్చి, రెండు నిమిషాలు ఏం చెబుతున్నానో మరిచిపోయాను.

రూబీకి ఆరేడేళ్ళప్పుడు, లీలారాణితో పనిచేసిన డాక్టరమ్మ ఊరు మారుతూ ఒక డిస్కు ఇచ్చింది. ఏదో దేశపు బొమ్మల సినిమా. సముద్రం ఒడ్డున దీపస్తంభానికి కాపలా ఉండే ఒక ముసలమ్మ, నీళ్ళంటే భయపడే ఆమె బాతు. కథ అంతే. శనివారం మధ్యాహ్నం అన్నాలు తిని ముగ్గురం చాప మీద కూర్చునేవాళ్ళం. ఆ భాష మాకెవరికీ తెలియదు. అందుకని మాటలు నేనే చెప్పేవాణ్ణి. బాతు చేత మా నెల్లిమర్ల భాష మాట్లాడించేవాణ్ణి. "ఓలమ్మో, నాను దిగను, నన్ను సంపీకు" అని బాతు అంటే రూబీ పొట్ట పట్టుకుని దొర్లేది. లీలారాణికి నవ్వు ఆగక వంటింట్లోకి పారిపోయేది.

ఆ సినిమాలో సముద్రం జిలుగు కాగితం. చూడగానే తెలిసిపోతుంది. అయినా బాతు అందులో కాలు పెట్టేసరికి ముగ్గురం ఊపిరి బిగబట్టేవాళ్ళం. తర్వాత కంప్యూటరు బొమ్మల సినిమాలు ఎన్ని వచ్చాయో. నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి, బొచ్చు బొచ్చులాగే ఉంటుంది. రూబీ వాటిని ఒకసారి చూసి వదిలేసేది. మళ్ళీ ఆ గీతలుపడ్డ డిస్కు దగ్గరికే వచ్చేది. ఇంటర్ చదివేటప్పుడు కూడా, పరీక్ష పోయిన రోజున, అదే పెట్టుకుని కూర్చుంది.

ఒకరోజు అడిగింది. "నాన్నా, ముసలమ్మ బుగ్గ మీద ఆ గీతలేటి? కదుల్తన్నాయి?" నేను టీవీ దగ్గరికి వెళ్ళి చూశాను. వేలిముద్రలు. బొమ్మను ఒక ఫొటో తీసి, వెంట్రుకవాసి కదిపి, మళ్ళీ ఇంకో ఫొటో తీస్తారు. సెకనుకు పన్నెండు. కదిపిన ప్రతిసారీ కదిపినవాళ్ళ వేలు మట్టి మీద పడుతుంది. "ఎవరో ఎంత ఓపిగ్గా ముట్టుకున్నారో చూడు, అందుకే దానికి ప్రాణం వచ్చింది" అన్నాను. నాకు గొప్పగా మాట్లాడటం అలవాటు. పిల్ల దాన్ని నమ్మింది.

ఆగస్టు 27, బుధవారం

చవితి. బడికి సెలవు. వీధి చివర పందిట్లో పొద్దుటి నుంచీ మైకు. రూబీ బల్ల మీద దుప్పటి అలాగే ఉంది.

ఆగస్టు 29, శుక్రవారం

బడి నుంచి వస్తూ కుమ్మరి వీధిలో గున్నమ్మ దగ్గర ఆగాను. రూబీకి మట్టి ఇచ్చేది ఆవిడేనని లీలారాణి చెప్పింది. ఎండిపోకుండా అందులో ఆముదం, మైనం కలిపి మర్దించడం కూడా ఆవిడే నేర్పిందట. పండగ అమ్మకాలు అయిపోయి, గోడ నీడన కాళ్ళు చాపుకుని కూర్చుంది. కొంచెం మట్టి కావాలన్నాను.

"బడికేటి బాబూ?"

"కాదు. మా అమ్మాయి బొమ్మ ఒకటి పాడైంది. మళ్ళీ చేసిద్దామని."

"ఏ బొమ్మ? నీ బొమ్మేటి?"

నాకు అర్థం కాలేదు. ఆవిడ నా ముఖం చూసి నవ్వింది.

"నీ బొమ్మే మాస్టారూ! నీకు సెప్పనేదేటి? మూడుమాట్లు వొచ్చింది కాదేటి నా దగ్గిరికి. మామ్మా, మా నాన్న పొట్ట సరిగ్గా రాటం నేదు అని. ముద్దెట్టి వొత్తీడమే గదే అన్నాను నాను. కాదట. మా నాన్న నడుత్తంటే పొట్ట ముందరెల్తాది, మడిసి ఎనకాల వొస్తాడు, అలగ రావాల అంటాది. ఇంత గుంటకి ఎంత పట్టుదలో! సెవులు మాత్రం నానే సేసినాను. నీ సెవులు నాకు ఎరికే గదా, నీ సిన్నప్పుటి నుంచీ సూత్తన్నాను."

ఎదురుగా అమ్ముడుపోని ప్రతిమలు నాలుగు. వాటికి తొండాలు స్పష్టంగా ఉన్నాయి. ఎవడూ పొరపడడు.

"ఎవులు పాడుసేసేరు బాబూ?"

"కూడికకి వచ్చిన పిల్లలు" అన్నాను.

"అయ్యో. ఎంత ఏడిసిందో గుంట."

"ఏడవలేదు."

గున్నమ్మ మట్టి కవరులో పెట్టి ఇస్తూ, "ఏడవనేదా? అయితే మరీ అన్నేయం మాస్టారూ" అంది.

ముప్పై ఏళ్ళుగా పిల్లల అబద్ధాలు పట్టుకుంటున్నాను. నా అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో.

ఆగస్టు 30, శనివారం

రూబీ స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది. ఫోను స్టాండు మీదే ఉంది, రూబీ దగ్గర ఉన్నది ఇంకొకటి. లీలారాణి ఆ స్టాండు ఫోను విప్పి నా చేతిలో పెట్టింది. "సూడండి. దిద్దకండి. ఒట్టినే సూడండి" అంది.

తొమ్మిది వందల ముప్పై ఆరు ఫొటోలు. డెబ్బై ఎనిమిది సెకన్లు.

ఒక మాస్టారు బడి వదిలి ఇంటికి బయల్దేరతాడు. ముందు పొట్ట, వెనక మనిషి. జేబులో ఎర్ర కలం. సైకిలు షాపు బోర్డు మీద సున్నా తప్పు ఉంటే ఎగిరి దిద్దుతాడు. పొట్ట అడ్డొచ్చి రెండుసార్లు అందదు, మూడోసారి అందుతుంది. ఊరిపేరు రాయి మీద ఒత్తు లేకపోతే చతికిలబడి దిద్దుతాడు. ఒక దూడ అంబా అంటే ఆగి, వేలు చూపించి, మళ్ళీ అనమంటాడు. దూడ సరిగ్గా అంటుంది. మాస్టారు తల ఊపి సాగిపోతాడు. వెనకాల వీధి వీధంతా నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ ఉంటుంది. నాకు నవ్వాగలేదు. కోపం వస్తుందేమోనని చూసుకున్నాను, రాలేదు. వాణ్ణి చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. నన్ను అలా ఒకరు చూస్తున్నారని నాకు తెలియదు.

ఇంటికి వస్తాడు. చెప్పులు విప్పి, వాటిని తిన్నగా సర్దుతాడు. గుమ్మంలో చిన్న పిల్ల ఒక కాగితం పట్టుకుని నిలబడి ఉంటుంది. మాస్టారు ఆమె ముందు ఆగి చెయ్యి పైకెత్తుతాడు. అక్కడితో ఫొటోలు అయిపోయాయి.

"కాగితం దిద్దడానికా, పిల్ల తల నిమరడానికా?" అని అడిగాను.

"నన్నడిగితే? అది సూసినోళ్ళు అనుకోడమే గదా ఆ సినిమా" అంది లీలారాణి.

నేను బొమ్మను పక్కన పెట్టలేదు. నలిపాను. నడుం దగ్గర గుప్పెట్లోకి తీసుకుని, బొటనవేలు ముఖం మీద పెట్టి నొక్కి, రెండో చెయ్యి కూడా వేసి ముద్ద చేశాను. లోపలి తీగ అరచేతిలో దిగింది. ఏసుదానం గారు "అయ్యయ్యో" అన్నారు. నేను ముద్దను అందరికీ చూపించి, "అదిగో, మట్టి, ఉత్త మట్టి" అని నవ్వాను. ఆ నవ్వుతో ఉండగానే రూబీ టీ తెచ్చింది.

ఆగస్టు 31, ఆదివారం

కార్యదర్శిగా నన్ను ఎన్నుకున్నారు. పోటీ లేదు. చప్పట్లు కొట్టారు.

బయట వేపచెట్టు కింద ఏసుదానం గారిని ఆపాను. "ఆ రోజు మీరు పదిమందిలో అలా అనేసరికి నాకు వేరే దారి లేకపోయిందండీ" అన్నాను. తప్పులో ఆయన వాటా ఆయనకి ఇచ్చేద్దామని.

ఆయన బిత్తరపోయారు. "ఏటన్నాను మాస్టారూ? ఆ బొమ్మ మీరేనని సూడగానే తెలిసిపోనాది. పొట్ట దాగుతాదేటండి? ఎగతాళికి అన్నాను. మీరు పకపకా నవ్వుతారనుకున్నాను. గబుక్కున నలిపీసేరు! నాను అయ్యయ్యో అన్నాను కూడానూ."

"అందరికీ తెలుసా?"

"ఎవులికి తెల్దు?"

"మరి పాస్టరు గారు విగ్రహమని..."

"ఆయనికి ఎవులు సెప్పేరో ఏటో. కత అలగ బాగుంది గదా మరి. అందరూ అలగే సెప్పుకుంటన్నారు."

నన్నెవరూ బలవంతం చేయలేదు. ఇరవై రెండు మంది గుర్తుపట్టిన ముఖాన్ని నేనొక్కణ్ణే గుర్తుపట్టలేదు. ఆరువారాలు ఆ బల్ల పక్కనుంచి రోజుకి పదిసార్లు నడిచాను.

వచ్చే ఆదివారం సంఘంలో లేచి ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

సెప్టెంబరు 4, గురువారం

మూడు రోజులుగా బడి నుంచి రాగానే పెరట్లో కూర్చుని గున్నమ్మ ఇచ్చిన మట్టితో బొమ్మ చేస్తున్నాను. ముక్కు మూడుసార్లు ఊడింది. తీగ వంచడం లీలారాణి చూపించింది, ఆసుపత్రిలో కట్లు కట్టే చెయ్యి కదా. చివరికి కుదిరింది. నడుం కాస్త సన్నగా వచ్చింది. మట్టి చాలలేదు.

సెప్టెంబరు 5, శుక్రవారం

ఉపాధ్యాయ దినోత్సవం. శాలువా కప్పారు.

సెప్టెంబరు 7, ఆదివారం

ఇవాళ ప్రభు భోజన ఆరాధన. అలాంటి రోజున సొంత విషయాలు ఎత్తితే బాగుండదు. వచ్చే వారం చెప్తాను.

నా బొమ్మను నిన్ననే రూబీ బల్ల మీద దుప్పటి కింద పెట్టాను. ఇవాళ తీసి చూసింది. "అమ్మా, ఈయనెవరు?" అని అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగానే తెలియక. నేను చేశానని చెప్పాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"బాగా చేశారు నాన్నా. కానీ ఇది మీరు కాదు. మీరనుకునే మీరు."

"నీకు కావలసినట్టు దిద్దుకో."

"నాకు దిద్దడం రాదు" అని బొమ్మను జాగ్రత్తగా టీవీ పక్కన పెట్టింది.

అప్పుడు అనేశాను. రెండు వారాలుగా నోట్లో నాన్చుకుంటున్న మాట. "రూబీ, ఆ రోజు పొరపాటు జరిగిపోయిందమ్మా."

ఆమె బల్ల మీద దుప్పటి మళ్ళీ సర్దింది. తర్వాత, "ఆ వాక్యంలో కర్త ఏది నాన్నా?" అంది.

తొమ్మిదో తరగతిలో రూబీకి వ్యాకరణం చెప్పింది నేనే. క్రియ ఉండి కర్త కనబడకపోతే ఎవరు చేశారో వెతకండిరా అని బల్ల గుద్ది చెప్పేవాణ్ణి.

సెప్టెంబరు 8, సోమవారం

నేను రూబీ బొమ్మను నలిపాను.

నేను రూబీ బొమ్మను అందరి ముందు నలిపాను.

నేను, కార్యదర్శి పదవి కోసం, రూబీ చేసిన నా బొమ్మను, అది ఎవరో కూడా చూడకుండా, నలిపాను. తర్వాత నవ్వాను.

సెప్టెంబరు 9, మంగళవారం

పై వాక్యం నోటికి చెప్పడం రాయడమంత తేలిక కాదు.

సెప్టెంబరు 12, శుక్రవారం

చెప్పాను. రూబీ పెరట్లో బట్టలు ఆరేస్తుంటే వెనక నిలబడి, పాఠం ఒప్పజెప్పే పిల్లాడిలా మొత్తం చెప్పాను. కర్తతో సహా. గున్నమ్మతో అబద్ధం చెప్పిన సంగతి, ఆమెన్లకి పొంగిన సంగతి కూడా. రూబీ నా చొక్కా దులిపి తీగ మీద వేసింది. క్లిప్పు పెట్టింది. "ఊఁ" అంది.

క్షమించానని అనలేదు. నేను అడగలేదు కూడా. అడిగితే అనేస్తుందేమోనని భయం వేసింది.

సెప్టెంబరు 14, ఆదివారం

చర్చిలో చెప్పలేకపోయాను. కార్యదర్శిగా ప్రకటనలు చదవడానికి లేచాను, మైకు చేతిలో ఉంది. ప్రకటనలు చదివి కూర్చున్నాను.

ఇంటికి వచ్చేసరికి బల్ల మీద దుప్పటి లేదు.

సెప్టెంబరు 17, బుధవారం

కొత్త బొమ్మకి పొట్ట వచ్చింది. చెవుల కోసం రూబీ గున్నమ్మ దగ్గరికి వెళ్ళి వచ్చింది. నేల అదిరితే బల్ల కదులుతుందని నేను పెరటి గుమ్మం నుంచే వస్తూ పోతున్నాను.

తలుపు సందులోంచి చూశాను. కొత్త బొమ్మ పాతదానితో అతకాలని గుమ్మం ముందు అడుగులు మళ్ళీ తీస్తోంది. రూబీ ఊపిరి బిగబట్టి బొమ్మ మోకాలు కదుపుతుంది, వెనక్కి వచ్చి ఫోను నొక్కుతుంది, మళ్ళీ వెళ్ళి కదుపుతుంది. గంటసేపు చూస్తే బొమ్మ ఒక అడుగు వేసింది. ఇలాంటివి తొమ్మిది వందలు తీసిన పిల్లని కాలక్షేపం చేస్తోందని అన్నాను.

సెప్టెంబరు 19, శుక్రవారం

అన్నాల దగ్గర లీలారాణి అడిగింది, సినిమా చివర ఏమవుతుందని. రూబీ కంచంలో చూస్తూ చెప్పింది. మొదట అనుకున్న ముగింపు ఇప్పుడు లేదట. మాస్టారు చెయ్యి పైకెత్తగానే ఆకాశంలోంచి ఒక పెద్ద చెయ్యి వచ్చి ఆయన్ని ముద్ద చేసేస్తుందట. అమ్మా కూతురూ కాసేపు ఆ ముద్దని చూస్తారట. తర్వాత దాన్ని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళజోడు పెట్టి, అన్నం వడ్డిస్తారట.

"మళ్ళీ నాన్న అవుతాడా?" అని అడిగాను.

"తెల్దు నాన్నా. అంతవరకే రాసుకున్నాను."

లీలారాణి నా కంచంలో అడగకుండానే ఇంకో గరిటె అన్నం వేసింది.

సెప్టెంబరు 21, ఆదివారం

చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక రూబీ నా దగ్గరికి వచ్చింది. "నాన్నా, మీ చెయ్యి కావాలి. ఆ రోజు వేసుకున్న గళ్ళ చొక్కా వేసుకుని రండి."

ఇంకెవరి చెయ్యి అయినా పనికి వస్తుంది కదా అనబోయాను. ఆ చొక్కా ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టి ఉంది.

కిటికీలు మూసి, ఒక్క దీపం వెలిగించింది. మోచెయ్యి కదలకుండా బ్యాంకు పరీక్షల పుస్తకాలు దొంతరగా పేర్చి, దాని మీద నా చెయ్యి ఆనించింది. ఎదురుగా గుమ్మం, చిన్న పిల్ల, చెయ్యెత్తిన మాస్టారు. ఇంత దగ్గర నుంచి వాణ్ణి చూడటం ఇదే మొదలు. ముఖం మీద సన్నగా రూబీ వేలిముద్రలు ఉన్నాయి. పెదవి కొంచెం విచ్చుకుని ఉంది. ఏదో అనబోతున్నాడు.

"నాలుగు సెకన్లు. నలభై ఎనిమిది ఫొటోలు. నేను చెప్పినప్పుడు వెంట్రుకంత కదపాలి. అంతకంటే వద్దు" అంది.

మొదలుపెట్టాం. కొంచెం. ఆగండి. నొక్కింది. ఇంకొంచెం. నొక్కింది. ఆరో ఫొటోకి నా చెయ్యి నీడ బొమ్మ మీద పడింది. పదకొండో ఫొటోకి వేళ్ళు నడుం దగ్గరికి వచ్చాయి. భుజం లాగుతోంది. చెమట కళ్ళలోకి కారుతోంది. పనిలో పడి రూబీ మర్యాద మరిచిపోయింది. "కదలకు నాన్నా, నువ్వు ఊపిరి తీస్తే బొమ్మ మీసం కదుల్తన్నాది" అంది. దానికి తెలియకుండా వచ్చిన ఆ మాటకి నేను ఉలిక్కిపడితే ఫొటో పాడయ్యేది. పడలేదు.

నెల రోజుల నుంచి ఆ క్షణం గురించి నాకు నేను చెప్పుకుంటున్నది ఒక్కటే. అది ఒక్క క్షణం, ఆలోచించే వ్యవధి లేదు, చెయ్యి దానంతట అదే వెళ్ళిపోయింది. ఇవాళ తెలిసింది, ఆ క్షణంలో ఎన్ని చోట్ల ఆగవచ్చో. ఒక్కొక్క చోటా నన్ను కూర్చోబెట్టి ఆపింది నా కూతురు. ప్రతి చోటా వాడి ముఖం కనబడుతూనే ఉంది.

ఇరవై రెండో ఫొటో దాకా రావడానికి రెండు గంటలు పట్టింది. బొటనవేలు ముఖానికి గోరంత దూరంలో ఉంది. ముఖం ఇంకా చెక్కు చెదరలేదు. పెదవి అలాగే విచ్చుకుని ఉంది.

"ఇక్కడ ఆపేస్తే బాగుంటుంది కదమ్మా" అన్నాను.

రూబీ ఫోను మీద నుంచి కళ్ళు తీయలేదు. గొంతులో కోపం కూడా లేదు.

"బాగుంటాది. కానీ నువ్వు ఆపలేదు కదా నాన్నా."

ఇరవై మూడో ఫొటో కోసం బొటనవేలు వాడి ముఖం మీద ఆనించాను. ఇంకా ఇరవై అయిదు మిగిలి ఉన్నాయి.